కోత పండుగకి రూతు గ్రంథం: కథలా చెప్తే వాక్యం పల్చబడుతుందా?

కొత్త కాపరి, పల్నాడు:

అందరికీ వందనాలు. బైబిల్ కాలేజీ నుంచి బయటికొచ్చి రెండేళ్లయింది, నరసరావుపేట దగ్గర ఒక పల్లెలో చిన్న సంఘాన్ని చూసుకుంటున్నాను. ఆదివారం అరవై డెబ్భై మంది వస్తారు. ఎక్కువమంది మిరప కోతలకీ పత్తి తీతకీ వెళ్లేవాళ్లే. పెద్దవాళ్లలో చాలామందికి చదువు రాదు, బైబిలు గుడ్డలో చుట్టి భద్రంగా తెచ్చుకుంటారు, ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు, నేను చదువుతుంటే వింటారు.

నా సమస్య ప్రసంగం. కాలేజీలో నేర్పినట్టే మూడు పాయింట్లు, ఒక్కో పాయింటుకి రెండు మూడు రిఫరెన్సులు, పాయింట్లన్నీ ఒకే అక్షరంతో మొదలయ్యేలా రాసుకుంటాను. రెండో పాయింటుకి వచ్చేసరికి తలలు వాలిపోతాయి. వారమంతా ఎండలో నడుం వంచి పనిచేసినవాళ్లు ఫ్యాను కింద కూర్చుంటే నిద్ర రాకుండా ఎలా ఉంటుంది, వాళ్లని ఒక్క మాట అనలేను. కానీ వాళ్లకి వారానికి దొరికేది ఆ అరగంటే కదా, అది నా చేతకానితనం వల్ల పోతోందని శనివారం రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టదు.

అందుకని నెల క్రితం ఒక కథతో మొదలుపెట్టాను. వాట్సాప్‌లో వచ్చింది. ఒక దేశంలో రైలు వంతెన తిప్పే ఆయన ఉంటాడు, కొడుకు ఆ యంత్రంలో ఇరుక్కుంటాడు, రైల్లో వందల మంది వస్తుంటారు, కొడుకుని కాపాడితే రైలు పోతుంది, చివరికి కొడుకుని వదులుకుని రైలుని కాపాడతాడు. మీలో చాలామంది వినే ఉంటారు. ఆ రోజు ఒక్కరూ నిద్రపోలేదు, ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. నాకు సంతోషమేసింది. బుధవారం గృహకూడికలో ఒక అవ్వని అడిగాను, ఆదివారం ఏం విన్నావవ్వా అని. "ఆ రైలాయన కొడుకు చచ్చిపోయాడయ్యా పాపం" అంది. మరి వాక్యం ఏంటవ్వా అంటే, "అదేగా" అంది. నేను చదివింది యోహాను 3:16, దేవుడు లోకాన్ని ప్రేమించి తన కుమారుణ్ణి ఇచ్చాడన్న వచనం. అది ఆమెకి అందనే లేదు.

సంఘ పెద్ద ఒకాయన పక్కకి పిలిచి, "బాబూ, కథలు పిల్లలకి. మాకు వాక్యం చెప్పు" అన్నారు. ఆయన ముప్పై ఏళ్లుగా ఈ సంఘాన్ని మోస్తున్న మనిషి, ఆయన మాట తీసిపారేయలేను.

ఇంకో మూడు వారాల్లో కోత పండుగ. రూతు గ్రంథం తీసుకున్నాను. నిర్ణయం, నమ్మకత్వం, నెమ్మది అని మూడు పాయింట్లు రాసుకున్నాను, మూడూ 'న'తోనే కుదిరాయి. రాసి చూసుకుంటే ఇది కూడా నిద్రపుచ్చేదే అనిపిస్తోంది. కథగా చెప్పొచ్చా? చెప్తే వాక్యం తగ్గిపోకుండా ఎలా చెప్పాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ పాస్టర్, ఒంగోలు:

తమ్ముడూ, ముందు ఆ అవ్వ సంగతి. ఆమె తప్పేం లేదు. నువ్వు రెండు ఇచ్చావు, ఒక కథ, ఒక వచనం. రెండూ వేర్వేరు మూటలు. బరువైనది పట్టుకుని ఇంటికెళ్లింది.

ఆ వంతెన కథ నేనూ వయసులో ఉన్నప్పుడు చెప్పాను, నిజంగా జరిగిందనే చెప్పాను. తర్వాత వేరే వేరే సభల్లో వేరే వేరే దేశాల పేర్లతో విన్నాక అనుమానం వచ్చింది. దానికంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటుంది. ఆ పిల్లవాడికి తను ఎందుకు చనిపోతున్నాడో తెలియదు, ఎవరూ వాణ్ణి అడగలేదు. యోహాను 10:18 తీసి చూడు, నా ప్రాణం ఎవరూ తీసుకోరు, నా అంతట నేనే పెడుతున్నాను అంటాడు ప్రభువు. సిలువ గురించి ముఖ్యమైన ముక్కే ఆ కథలో తలకిందులైంది. జనం ఏడ్చారు గానీ వేరే దానికి ఏడ్చారు. అందుకే మానేశాను.

రూతుకి వస్తే, బయటి నుంచి కథ తెచ్చుకునే అవసరమే లేదు, అది కథే. నాలుగు అధ్యాయాలు, 85 వచనాలు, నిదానంగా చదివినా పావుగంట. నువ్వు చేయాల్సింది దాన్ని మూడు ముక్కలు చేయకుండా ఉండటం. 'నిర్ణయం, నమ్మకత్వం, నెమ్మది' అన్నప్పుడు రూతు ఎక్కడికి పోయింది? మూడు నామవాచకాలు మిగిలాయి.

గ్రంథం తెరిచి ఒకే ఒక్క దారం పట్టుకుని వెళ్లు. నేను పట్టుకునేది చేతులు. 1:21లో రూతు అత్త నయోమి, భర్తనీ కొడుకుల్నీ పోగొట్టుకుని సొంత ఊళ్లోకి వచ్చి ఏమంటుంది? నిండుగా వెళ్లాను, దేవుడు నన్ను రిక్తురాలిగా తీసుకొచ్చాడు అంటుంది. రిక్తురాలు అంటే ఒట్టి చేతుల మనిషి. పక్కన కోడలు నిలబడే ఉంది, అయినా ఒట్టి చేతులే అంటోంది చూడు. రెండో అధ్యాయంలో ఆ కోడలు రూతు చేలో ఏరి తూమెడు యవలు (బార్లీ) తెస్తుంది, మధ్యాహ్నం తను తిని మిగిల్చిన పేలాలు కూడా తెచ్చి అత్త చేతిలో పెడుతుంది. 3:17లో ఆ పొలం ఆసామి బోయజు ఏమన్నాడట? వట్టి చేతులతో నీ అత్త ఇంటికి పోవద్దు అన్నాడట. నయోమి మొదటి అధ్యాయంలో అన్న మాట మళ్లీ ఇక్కడ వినపడుతుంది, హీబ్రూలో కూడా రెండు చోట్లా ఒకటే మాట. నాలుగో అధ్యాయంలో ఆ చేతుల్లో పసిబిడ్డ, 4:16. ఒట్టి చేతులతో మొదలై ఒళ్లో బిడ్డతో అయిపోయింది. ఇది పాయింట్లుగా విడగొడితే కనపడదు, వరసగా చెప్తేనే కనపడుతుంది.

ఇక పెద్దాయన మాట. 2 సమూయేలు 12 ఆయన ముందు పెట్టు. నాతాను ప్రవక్త, ఇంకొకడి భార్యని తీసుకున్న దావీదు రాజు దగ్గరికెళ్లి పాపం గురించి మూడు సంగతులు అనలేదు. నాలుగు వచనాల్లో ఒక పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పాడు. ఆ పిల్ల వాడి చేతిముద్ద తినేది, వాడి గిన్నెలో తాగేది, వాడి కౌగిట్లో పడుకునేది. వింటున్న దావీదు ఎవరు? గొర్రెలు కాచి పెరిగినవాడు. నాతాను ద్రాక్షతోట కథ చెప్పలేదు, ఓడ కథ చెప్పలేదు. ఆ మనిషి చేతులకి బాగా తెలిసిన దాన్నే చెప్పాడు. దావీదుకి కోపమొచ్చి తీర్పు కూడా తనే చెప్పేశాక, "ఆ మనుష్యుడవు నీవే" అని ఒక్క మాట. అది వాక్యం కాదని ఎవరంటారు?

మా ఒంగోలు ప్రాంతం సంగతి కూడా చెప్తాను. తాళ్ళకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ల వ్యాపారం మీద ఊరూరూ తిరిగే మనిషి. 1866లో బాప్తిస్మం తీసుకున్నాక ఆ తిరిగే ఊళ్లలోనే, తన కులంవాళ్ల అరుగుల మీదే కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు 8 మంది. 1878 జులై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మధ్యలో 1876-78 నాటి పెద్ద కరువు ఉంది, మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టు తీసుకుని కూలీ ఇప్పించడం ఉంది, కారణం ఒక్కటే అని నేననను. కానీ ఆ పదకొండేళ్లు ఆ మాట ఊరి నుంచి ఊరికి ఎలా నడిచిందో ఆలోచించు. ఒక మనిషి తను విన్నది ఇంకొక మనిషికి తిరిగి చెప్పగలిగాడు కాబట్టి నడిచింది. నీ అవ్వ కూడా సోమవారం పొలంలో పక్క సాలులో ఉన్న మనిషికి చెప్పగలగాలి. 'నమ్మకత్వం' అనే పాయింటుని ఆమె ఎవరికి చెప్తుంది?

సండే స్కూల్ టీచర్, కూకట్‌పల్లి:

అయ్యగారూ వందనాలు. నేను పద్దెనిమిదేళ్లుగా పిల్లలకి చెప్తున్నాను కాబట్టి కొన్ని పనికొచ్చే సంగతులు.

పేర్లు తగ్గించండి. రూతు మొదటి అయిదు వచనాల్లోనే ఎలీమెలెకు, మహ్లోను, కిల్యోను వస్తారు, ముగ్గురూ చనిపోతారు కూడా. ఆ పేర్లు పలుకుతుంటేనే జనం దారి తప్పుతారు. "భర్త పోయాడు, పదేళ్లలో ఇద్దరు కొడుకులూ పోయారు" అంటే చాలు. నయోమి, రూతు, బోయజు, ముగ్గురే గుర్తుండాలి.

రెండో కోడలు ఓర్పాని చెడ్డదాన్ని చేయకండి. చాలా ప్రసంగాల్లో రూతుని పొగడటానికి ఓర్పాని తిడతారు. వాక్యంలో ఆమెని ఒక్క మాట అనలేదు. ఆమె ఏడ్చింది, అత్తని ముద్దు పెట్టుకుంది, అత్త వెళ్లమంటేనే వెళ్లింది. మీ సంఘంలో భర్త పోయాక పుట్టింటికి తిరిగి వెళ్లిన ఆడపిల్లలు ఉంటారు కదా, ఆ మాట వాళ్లకి ఎలా తగులుతుందో ఆలోచించండి.

రాసుకోవడానికి ముందు నోటితో ఎవరికైనా చెప్పండి. అమ్మగారికి చెప్పండి, వంట చేస్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, కాగితం లేకుండా. ఆమె ఎక్కడ గరిటె ఆపి మీ వైపు చూస్తారో అక్కడ కథ ఉంది, ఎక్కడ పప్పు సంగతి చూసుకుంటారో అక్కడ మీరు ఎక్కువ మాట్లాడుతున్నట్టు. నేను మా ఇంట్లో అలాగే చేస్తాను. కాగితం మీద రాస్తే నాకు తెలియకుండానే పాత అనువాదం భాష వచ్చేస్తుంది, "వచ్చియుండెను, పోయియుండెను" అని. చదివేటప్పుడు అది చదవండి, దాని గాంభీర్యం దానిది. చెప్పేటప్పుడు మాత్రం మీ ఊరి మాటలో చెప్పండి.

మా పిల్లలకి పరిగె అంటే, కోత తర్వాత చేలో రాలినవి ఏరుకోవడం అంటే, తెలియదు. నేల మీద గుప్పెడు బియ్యం చల్లి, ఒంగుని ఒక్కొక్క గింజ ఏరమన్నాను. రెండు నిమిషాల్లో "టీచర్ నడుం నొప్పి" అన్నారు. రూతు సాయంత్రం దాకా ఏరిందమ్మా అన్నాను. అంతే, ఆ పూట ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. మీ సంఘానికి అది కూడా అక్కర్లేదు, వాళ్ల నడుములకే తెలుసు.

కొత్త కాపరి, పల్నాడు:

పాస్టర్ గారూ, టీచర్ గారూ, చాలా చాలా వందనాలు. 1:21, 3:17 పక్కపక్కన పెట్టి చదివితే ఒళ్లు ఝల్లుమంది, ఇన్నిసార్లు చదివాను, కనపడలేదు.

రెండు అడగాలి. ఒకటి, వాక్యంలో లేనిది కలపొచ్చా? పేలాలు కొంగున మూటగట్టుకుని వచ్చింది అని చెప్పాలనిపిస్తోంది, కానీ కొంగు అని వాక్యంలో లేదు. రెండోది నాకు నిజంగా భయంగా ఉన్నది. బోయజు ఆసామి. మా వాళ్లు ఆసాముల పొలాల్లో కూలికెళ్తారు, కూలి డబ్బులు నెలల తరబడి ఇవ్వనివాళ్లు కూడా ఉన్నారు. నేను బోయజు మంచివాడు అని చెప్తే, అణిగి ఉండండి, ఆసామి దయ చూపిస్తాడు అని వినపడుతుందేమో.

కూలి తల్లి కూతురు, ఖమ్మం:

పాస్టర్ గారూ, నేను నర్సుని, మా అమ్మ ఇప్పటికీ మిరప కోతకి వెళ్తుంది. మీ రెండో ప్రశ్నకి నేను చెప్తాను, ఎందుకంటే నేను బెంచీ వైపు నుంచి వింటాను.

లేవీయకాండం 19:9, 10 చదివి అప్పుడు రూతు రెండో అధ్యాయం చదవండి. పొలం ఓరలు పూర్తిగా కోయకూడదు, రాలిన పరిగె ఏరుకోకూడదు, అది బీదలకీ పరదేశులకీ వదిలెయ్యాలి అని ధర్మశాస్త్రం. అంటే రూతు ఏరుకున్నది ఆసామి భిక్ష కాదు. దేవుడు ఆమె పేరున ముందే రాసిపెట్టిన వాటా. ఆమె బీదరాలు, పరదేశి కూడా, రెండు విధాలా హక్కుంది. బోయజు మంచితనం ఆ తర్వాత మొదలవుతుంది, చట్టం చెప్పిన దానికంటే ఎక్కువ చేయడంలో, కోసేవాళ్లతో పనల్లోంచి కొన్ని కావాలనే లాగి పడేయండి అని చెప్పడంలో. ఈ తేడా మీరు చెప్పకపోతే మీరు భయపడిందే జరుగుతుంది. చెప్తే మా అమ్మ లాంటి వాళ్లు తల ఎత్తుకుని వింటారు.

ఇంకోటి. 2:9లో, నిన్ను ముట్టవద్దని పనివాళ్లకి ఆజ్ఞాపించాను అంటాడు. 2:22లో నయోమి, వేరే చేలోకి వెళ్లకమ్మా, ఎవరైనా ఏమైనా చేస్తారు అనే భయంతో చెప్తుంది. ఈ రెండు వచనాల మీద నేను ఒక్క ప్రసంగం కూడా వినలేదు. మగ పాస్టర్లు దాటేసి వెళ్లిపోతారు. పొలానికి వెళ్లే ప్రతి ఆడమనిషికీ ఆ భయం తెలుసు, నేను ఇంటర్ చదివేటప్పుడు సెలవుల్లో అమ్మతో వెళ్తే అమ్మ నన్ను ఎప్పుడూ తన పక్క సాలులోనే పెట్టుకునేది, నీళ్లు తాగడానికి కూడా ఒక్కదాన్నే వెళ్లనిచ్చేది కాదు. ఎందుకో నాకు చాలా ఏళ్లకి అర్థమైంది. మీరు ఆ వచనాలు మెల్లగా చదివి, బైబిల్లో ఈ భయం రాసి ఉంది అని ఒక్క మాట అనండి చాలు.

చివరిది, ఇది నా గాయం కాబట్టి చెప్తున్నాను. నేను వెనక ఒక సంఘంలో ఉన్నప్పుడు మా ఇంటి విషయం ఒకటి ప్రార్థన కోసం కాపరి గారికి చెప్పుకున్నాం. నెల తిరక్కుండా అది ప్రసంగంలో ఉదాహరణగా వచ్చింది. పేరు చెప్పలేదు. "మన మధ్యలోనే ఒక కుటుంబం" అన్నారు. చిన్న ఊరు, అందరూ మా బెంచీ వైపే చూశారు. అమ్మ ఆ రోజు చివరి పాట దాకా తల దించుకునే కూర్చుంది, మూడు నెలలు గుడికి రాలేదు. కథలు చెప్పండి, కానీ మీ దగ్గర ఏడ్చినవాళ్ల కథ వాళ్లని అడక్కుండా చెప్పకండి. అడిగినా ఒప్పుకోక తప్పని మనుషులుంటారు, వాళ్లనైతే అడగను కూడా అడగకండి.

వాక్య విద్యార్థి, విజయవాడ:

అందరూ ఒక వైపే మాట్లాడుతున్నారు కాబట్టి నేను రెండో వైపు చెప్తాను. 2 తిమోతి 4:4, సత్యానికి చెవియొగ్గక కల్పనాకథల వైపు తిరిగే కాలం వస్తుందని పౌలు ముందే చెప్పాడు. ఆ పెద్దాయన భయం ఇదే. ఇవాళ యూట్యూబ్ నిండా నవ్వించి ఏడిపించే ప్రసంగాలు, గంట విన్నాక పాపం గురించి, మారుమనస్సు గురించి ఏం చెప్పారంటే ఏమీ లేదు. రూతు కథ అందంగా చెప్పి ఆపేస్తే అది అత్తాకోడళ్ల కథే. విమోచకుడు, అంటే విడిపించే బంధువు, ఎవరో చెప్పాలి, యేసు వంశావళిలో రూతు పేరున్న మత్తయి 1:5 దాకా తీసుకెళ్లాలి. లేకపోతే కోత పండుగ ప్రసంగం అనిపించుకోదు.

రిటైర్డ్ పాస్టర్, ఒంగోలు:

బ్రదర్, మీ మాటలో నిజం ఉంది. ఒక్క సవరణ. పౌలు అక్కడ హెచ్చరించింది సత్యం వినలేక పుట్టించుకున్న కథల గురించి. లేఖనంలో ఉన్న కథని లేఖనం చెప్పినట్టే చెప్పడం దాని కిందికి రాదు. మార్కు 4:34 చూడండి, యేసు ఉపమానం లేకుండా వారితో మాట్లాడలేదు అని ఉంది, తర్వాత శిష్యులకి ఏకాంతంగా వివరించాడని కూడా ఉంది. రెండూ ఉన్నాయి.

విమోచకుడి దగ్గరికి కథే తీసుకెళ్తుంది తమ్ముడూ, నువ్వు గెంతి వెళ్లక్కర్లేదు. నాలుగో అధ్యాయంలో బోయజు కంటే దగ్గరి బంధువు ఒకడున్నాడు. పొలం కొంటానన్నాడు. రూతుని కూడా చేసుకోవాలి అనేసరికి, నా స్వాస్థ్యం పాడవుతుంది అని చెప్పు తీసి ఇచ్చేశాడు. తన ఆస్తినీ తన వంశాన్నీ కాపాడుకోవాలనుకున్న ఆ మనిషి పేరు ఆ గ్రంథంలో ఎక్కడా లేదు. బోయజు తన ఖర్చుతో, ఊరి పెద్దలు పదిమంది ముందు, తనది కాని నష్టాన్ని మీదేసుకున్నాడు. ఇక్కడ ఆగి, మనకోసం ఇలా చేసింది ఎవరు అని అడుగు. మీ అవ్వే చెప్తుంది. ఆమె చెప్పాక నువ్వు మత్తయి 1:5 చదువు.

కలపడం గురించి అడిగావు. కొంగు అని చెప్పాలంటే "కొంగున మూటగట్టుకుందో ఏమో" అను, ఆ 'ఏమో' వదిలిపెట్టకు. అది ఊహ అని వినేవాళ్లకి తెలియాలి. 3:15లో దుప్పటి పట్టుకోమని ఆరు కొలతల యవలు పోసింది మాత్రం వాక్యంలోనే ఉంది, దాన్ని ధైర్యంగా చెప్పు. ఎవరి మనసులో ఏముందో మాత్రం కల్పించకు. వాక్యం మౌనంగా ఉన్నచోట నువ్వు పాత్రల నోట్లో మాటలు పెట్టడం మొదలుపెడితే, కొన్నాళ్లకి జనానికి నీ మాట ఏదో లేఖనం ఏదో తేడా తెలియకుండా పోతుంది.

బుర్రకథ తాత మనవడు, తెనాలి:

నేను పాస్టర్‌ని కాదు, బ్యాంకులో ఉద్యోగం. మా తాత క్రిస్మస్ నెలలో ఊళ్లలో క్రీస్తు జననం బుర్రకథ చెప్పేవారు, చిన్నప్పుడు ఆయన వెంట తిరిగాను కాబట్టి ఒక్కటి చెప్పాలనిపించింది.

బుర్రకథలో మధ్యలో తంబురాతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు ఉంటారు. వంతల పని తందాన తాన అనడమే అనుకుంటారు. కాదండీ. కథకుడు ముందుకు పోతుంటే వంత ఆపుతాడు. "ఆగాగు, సత్రంలో చోటు లేదా? నిండు చూలాలికి కూడానా?" అంటాడు. కింద కూర్చున్నవాళ్ల మనసులో ఉన్న ప్రశ్న అది, వాడు వాళ్ల తరఫున అడుగుతాడు. ప్రశ్న పడ్డాక జవాబు కోసం జనం ముందుకు వంగుతారు. తాత చెప్పేవారు, ప్రశ్న పుట్టకముందే జవాబు చెప్పేస్తే అది గాల్లో పోతుందిరా అని.

మీరు ఒక్కరే నిలబడతారు కాబట్టి మీ వంత మీరే. "ఇద్దరు విధవరాళ్లు, చేతిలో పైసా లేదు, రేపు పొద్దున పొయ్యి మీద ఏం పెడతారు?" అని అడిగి, ఆగండి. నిజంగా ఆగండి, మూడు నాలుగు క్షణాలు. మైకు పట్టుకున్నవాళ్లకి ఆ నిశ్శబ్దం భయం వేస్తుంది, వెంటనే హల్లెలూయ చెప్పండి, ప్రక్కవారితో చెప్పండి అని నింపేస్తారు. నింపకండి. అప్పుడు "అది యవల కోత మొదలైన కాలం" అని 1:22 చదవండి.

కొత్త కాపరి, పల్నాడు:

నిన్న ఆదివారం అయింది. ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తాను, మీ అందరికీ నేను బాకీ.

పాయింట్లు తీసేశాను. ఒక చిన్న కాగితం మీద ఊరు, చేను, కళ్లం, గుమ్మం అని నాలుగు మాటలే రాసుకున్నాను, ఒక్కో అధ్యాయానికి ఒక చోటు. మా ఆవిడకి వంటింట్లో మూడుసార్లు చెప్పాను. మొదటిసారి ఆమె వెనక్కి కూడా తిరగలేదు. రెండోసారి, పేలాలు మిగిల్చి అత్తకి తెచ్చింది అన్నచోట ఆగి, "ఆకలేసిన మనిషి మిగిల్చిందా" అంది. అక్కడ ఎక్కువసేపు ఉండాలని అప్పుడు అర్థమైంది.

మొదలుపెట్టగానే, పదేళ్ల తర్వాత ఊరికి తిరిగొచ్చిన ఒకావిడ, ఒట్టి చేతులు అని చెప్పి నా రెండు చేతులు చూపించాను. ఆ తర్వాత నాలుగు చోట్లా ఆ చేతుల దగ్గరికే వచ్చాను. లేవీయకాండం చదివి, ఆ పరిగె ఆమె వాటా, దేవుడు రాసిచ్చిన వాటా అన్నప్పుడు వెనక వరసలో మగవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఖమ్మం సిస్టర్ గారూ, 2:9, 2:22 మీరన్నట్టే మెల్లగా చదివాను, బైబిల్లో ఈ భయం రాసి ఉంది అన్నాను. ఆడవాళ్ల వైపు ఎంత నిశ్శబ్దం అయిపోయిందంటే బయట కోళ్లు అరవడం వినపడింది, కానుకల వేలం పాట కోసం కాళ్లు కట్టి తెచ్చిన కోళ్లు. ప్రార్థన అయ్యాక ఒక తల్లి వచ్చి నా చేయి పట్టుకుని ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయింది.

బాగా రానివి కూడా చెప్పాలి. నాలుగో అధ్యాయంలో చెప్పు తీసి ఇవ్వడం నేను సరిగ్గా చెప్పలేకపోయాను, చెప్పు తియ్యడం అంటే మా దగ్గర వేరే అర్థం కాబట్టి కుర్రాళ్లు నవ్వారు, ఆ నవ్వు ఆగేదాకా నేను తడబడ్డాను. అది ఆ రోజుల్లో మన స్టాంపు పేపరు మీద సంతకం లాంటిదని ముందే ఒక మాట చెప్పి ఉండాల్సింది. అయినా మనకోసం ఇలా చేసింది ఎవరు అని అడిగి ఆగినప్పుడు, పాస్టర్ గారన్నట్టే, ముందు వరసలోంచి అవ్వ గొంతే వచ్చింది, "యేసయ్య కాదూ" అని. మొత్తం పాతిక నిమిషాలు పట్టింది. నిద్రపోయినవాళ్లు ఇద్దరు, ఇద్దరూ రాత్రంతా కళ్లంలో మిరపకాయలకి కాపలా పడుకుని వచ్చినవాళ్లే.

పెద్దాయన వేలం పాట అయ్యాక నా దగ్గరికి వచ్చారు. గుమ్మడికాయ పాడుకున్నారు, అది చంకలో పెట్టుకుని, "ఆ పేరు లేనోడి సంగతి నాకు తెలియదు బాబూ, ఇన్నేళ్లు చదివాను" అన్నారు. కాసేపు నిలబడి, "వచ్చే నెల యోనా చెప్తావా?" అన్నారు.

అదే ఇప్పుడు అడుగుతున్నాను. యోనా 48 వచనాలు, చివర దేవుడు అడిగిన ప్రశ్నతో ఆగిపోతుంది, కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేల మంది, ఇన్ని పశువులు ఉన్న ఊరి మీద నేను జాలిపడొద్దా అని. యోనా ఏమన్నాడో రాయలేదు. నేనూ అక్కడే ఆపి కూర్చోవచ్చా, లేక ముగింపు ప్రార్థనకి ముందు ఏమైనా చెప్పాలా? మీరెవరైనా ఆ ప్రశ్న దగ్గరే ఆపి చూశారా?